పిల్లలు చెప్పేశారు సరే, అమ్మానాన్నలు ఎవరికి చెప్పుకోవాలి?

మే నెలలో గంగమ్మ జాతర వారం రోజులూ తిరుపతిలో ఏ వీధిలో చూసినా కనపడే దృశ్యం ఒకటుంది. పొద్దున్నే ఇంటి ముందర అరుగు మీద పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లోడు చేతులు పక్కకి చాపి నిలబడి ఉంటాడు, వాళ్లమ్మ వాడికి చీర కడతా ఉంటది, కుచ్చిళ్లు సరిగ్గా రాకపోతే పిన్నీసు పళ్ల మధ్య పట్టుకుని మళ్లీ మొదట్నించి మడతలు పెడతది, అవ్వ లోపల్నించి తన గాజులు తెచ్చిస్తది, చెల్లెలు కాటుక దిద్దతా నవ్వు ఆపుకోలేక గీత వంకర పోగొడతది, నాన్న ఫోన్ తీసి ఫోటో కొట్టి వాట్సాప్ స్టేటస్ పెట్టుకుంటాడు. ఎవరూ తలదించుకోరు, పక్కింటివాళ్లు కూడా బాగుందబ్బా అంటారు. మొక్కు కదా మరి. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం ఇట్లా రోజుకో వేషం, చివరి రోజు ఆడవేషాల్లో మగవాళ్లు తాతయ్యగుంట గుడి దాకా బారులు తీరి పోతారు. ఆడపిల్లల్ని వేధించే పాలెగాణ్ణి వెతుక్కుంటా అమ్మవారే రోజుకో వేషం కట్టిందని, దొర వేషంలో ఉండగా వాడు బయటికొస్తే చంపిందని కథ. అంటే మగ వేషం కట్టడం గంగమ్మ తల్లితోనే మొదలైంది.

జాతర అయిపోయిన పది రోజులకి అదే ఇంట్లో అదే పిల్లోడు రాత్రి అన్నాలయ్యాక, అమ్మా నాకు ఆడపిల్లల మీద ఇష్టం కలగదు, సంబంధాలు చూడొద్దు అన్నాడనుకోండి. లేదా, జాతరకి కట్టిన చీర నాకు వేషంలా అనిపించలేదమ్మా, నేను లోపల ఆడపిల్లనే అన్నాడనుకోండి. కుచ్చిళ్లు సర్దిన ఆ చేతులకే ఏం చెయ్యాలో తోచదు.

ఇక్కడ ఒకటి స్పష్టంగా చెప్పుకోవాలి, వేషం వేరు మనసు వేరు. జాతరలో చీర కట్టినవాళ్లంతా ట్రాన్స్‌జెండర్లూ కాదు, గేలూ కాదు, రెంటినీ కలిపేస్తే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే. కానీ పోల్చి చూస్తే ఒకటి తెలుస్తది. మొక్కుకి ఒక పద్ధతి ఉంది, అమ్మ ఏం చెయ్యాలో, అవ్వ ఏమివ్వాలో, ఇరుగుపొరుగు ఏమనాలో తరతరాలుగా అందరికీ తెలుసు. పిల్లోడు వచ్చి తన మనసులో మాట చెప్పినప్పుడు మాత్రం ఇంట్లో ఎవరి పని ఏందో ఎవరికీ తెలీదు, ముందు చేసి చూపించినవాళ్లు కళ్లముందు లేరు. తెలీనప్పుడు మనుషులు తెలిసిన పనే చేస్తారు, అరుస్తారు, ఏడుస్తారు, ఫోన్ లాక్కుంటారు, తాయెత్తు కట్టిస్తారు, గబగబా పెళ్లి కుదురుస్తారు, అమ్మాయైతే ఇంట్లో పెట్టి తాళం వేస్తారు. ఎల్‌జీబీటీక్యూ, అంటే గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ లాంటి వాళ్ల సమానత్వం గురించి మాట్లాడే చాలామంది పిల్లల గురించే మాట్లాడతారు, అది న్యాయమే, దెబ్బలు తినేది వాళ్లే కాబట్టి. కానీ మన తిరుపతి, చిత్తూరు లాంటి ఊర్లలో అన్నిటికన్నా కరువైంది తల్లిదండ్రులకి అందే సాయం. వాళ్లకి చెయ్యాల్సిన పని చూపించే మనిషి లేకపోవడమే సగం అనర్థాలకి మూలం.

అసలు మాటల దగ్గరే ఇబ్బంది మొదలవుతది. పేపర్లలో, టీవీల్లో ఏళ్ల తరబడి వాడిన మాట స్వలింగ సంపర్కులు. సంపర్కం అనంగానే వినే తల్లికి మనసులో వచ్చే బొమ్మ పడకగది, తన బిడ్డ గురించి అట్లా ఊహించుకోవడం ఏ తల్లికైనా కష్టమే. ఆ పిల్లోడు చెప్పింది నిజానికి ఎవరి మీద మనసు పోతదో, ఎవరితో కలిసి ముసలైపోవాలని ఉందో, ఆ సంగతి. పెద్దకొడుకు పెళ్లి గురించి మాట్లాడేటప్పుడు తోడు, కాపురం, మనువు అంటాం తప్ప సంపర్కం అనం కదా. గే, లెస్బియన్ అనే మాటలు ఇప్పుడు అందరికీ చెవిన పడ్డాయి, స్వలింగ ప్రేమికులు అన్నా అర్థమవుతది, ఇంట్లో అయితే వీడికి మగవాళ్లంటేనే ఇష్టం, దీనికి అమ్మాయిలంటేనే ఇష్టం అని మామూలు తెలుగులో చెప్తే సరిపోతది. ఇక తేడా, కొజ్జా లాంటి మాటలు వీధిలో ఎట్లా వాడతారో తెలిసిందే, బిడ్డ చెప్పిన రాత్రి తండ్రి బుర్రలో తిరిగేవి ఆ మాటలే, ఎందుకంటే ఆయన చిన్నప్పట్నించి విన్నవి అవే. పక్కన తమిళనాడులో ట్రాన్స్ మహిళలకి తిరునంగై అనే గౌరవమైన మాట ఎప్పుడో వాడుకలోకి వచ్చేసింది, 2008లోనే వాళ్లకి సంక్షేమ బోర్డు పెట్టారు, 2022లో ఎవరిని ఏ మాటతో పిలవాలో ప్రభుత్వమే ఒక పదకోశం ప్రకటించింది. చిత్తూరులో చాలామందికి తమిళం వచ్చు, ఆ మాట వినే ఉంటారు. తెలుగులో అట్లాంటి పని ఇంకా జరగాల్సి ఉంది, జరిగేదాకా ఎవరైనా సాయం చెయ్యాలంటే ముందు చెయ్యగలిగింది ఇదే, ఒక తల్లి తన నోటితో సిగ్గుపడకుండా పలకగలిగే నాలుగు మాటలు ఆమెకివ్వడం.

మనకి కథలు లేవా అంటే ఉన్నాయి. చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర, ధర్మరాజుల గుళ్ల దగ్గర ఎండాకాలం భారతం జరుగుతది, పగలు హరికథ, రాత్రి నాటకం, అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు ఊరంతా కింద నిలబడి పైకి చూస్తారు. ఆ భారతంలో బృహన్నల ఉంది, శిఖండి ఉన్నాడు, ఊర్లో ముసలవ్వకి కూడా ఆ ఇద్దరూ తెలుసు. కథలో ఉన్నవాళ్లని ఒప్పుకున్నాం కాబట్టి ఇంట్లో ఉన్నవాళ్లనీ ఒప్పుకుంటామని కాదు, అంత సులభంగా జరగదు. కాకపోతే ఇదంతా నిన్న మొన్న ఫోన్లతో, ఫారిన్ నుంచి వచ్చిందని ఎవరైనా అంటే ఆ మాట నిలబడదు.

ఇప్పుడు కోర్టుల సంగతి. ఇట్లాంటి సంబంధాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ సెక్షన్ 377 గురించి అందరికీ కొంత తెలుసు. 2009 జులైలో ఢిల్లీ హైకోర్టు పెద్దవాళ్ల మధ్య ఇష్టపూర్వక సంబంధం నేరం కాదంది, 2013 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది, 2018 సెప్టెంబర్ 6న ఐదుగురు జడ్జీల బెంచ్ మళ్లీ నేరం కాదని తేల్చింది. ఆ తీర్పులో జస్టిస్ ఇందూ మల్హోత్రా రాసిన వాక్యం చాలామంది గుర్తుపెట్టుకున్నారు, ఈ వర్గం వాళ్లకీ వాళ్ల కుటుంబాలకీ చరిత్ర క్షమాపణ చెప్పుకోవాలి అని. అందులో వాళ్ల కుటుంబాలకీ అనే మాటని జనం అంతగా పట్టించుకోలేదు. కానీ అది ఊరికే పడిన మాట కాదు. 377 కేసు సుప్రీంకోర్టులో నడిచేటప్పుడు గే, లెస్బియన్ పిల్లల తల్లిదండ్రులు కొంతమంది కలిసి, మా పిల్లలు నేరస్తులు కాదు, ఈ సెక్షన్ వల్ల మా ఇళ్లు కూడా నలిగిపోతన్నాయి అని కోర్టులో తమ వాదన వినిపించారు. 2013 తీర్పు వచ్చిన తర్వాత జస్టిస్ లీలా సేఠ్, ఆమె దేశంలో ఒక హైకోర్టుకి ప్రధాన న్యాయమూర్తి అయిన మొదటి మహిళ, రచయిత విక్రమ్ సేఠ్ తల్లి, ఒక తల్లిగా, ఒక జడ్జిగా తన బాధ పేపర్లో బహిరంగంగా రాశారు. అంత పెద్ద పదవి చేసిన మనిషి నా కొడుకు గే అని రాస్తే దేశంలో ఎన్ని ఇళ్లల్లో ఎంతమంది అమ్మలు ఆ పేపర్ ముక్క దాచుకుని ఉంటారో.

2015లో ముంబైలో పద్మా అయ్యర్ అనే తల్లి తన కొడుకు హరీశ్‌కి వరుడు కావాలని పేపర్లో పెళ్లి ప్రకటన ఇచ్చారు. వధువు కాదు, వరుడే. పెళ్లి ప్రకటన అంటే మన దగ్గర ఇంటి పరువు మొత్తం పేపర్లో పెట్టినట్టు, ఆ పని ఒక తల్లి ధైర్యంగా చేసింది. తర్వాత 2017లో అట్లాంటి తల్లిదండ్రులే కలిసి స్వీకార్ అనే గ్రూపు కట్టుకున్నారు, కొత్తగా సంగతి తెలిసి కుంగిపోయిన అమ్మానాన్నలతో ముందే ఆ దారిలో నడిచినవాళ్లు మాట్లాడతారు, అంతే దాని పని. 2023లో పెళ్లి హక్కు కేసు సుప్రీంకోర్టులో నడిచినప్పుడు ఆ గ్రూపు ద్వారా 400 మందికి పైగా తల్లిదండ్రులు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు, మేం పోయేలోపు మా పిల్లలకి చట్టబద్ధమైన తోడు చూడాలని ఉంది అన్నది దాని సారం.

అదే కోర్టుల్లో కుటుంబం ఎదుటి పక్షాన నిలబడిన కేసులూ ఉన్నాయి, ఎక్కువే ఉన్నాయి. 2021లో మధురై నుంచి ఇద్దరు అమ్మాయిలు కలిసి బతకాలని చెన్నై వచ్చేస్తే ఇద్దరి అమ్మానాన్నలూ మిస్సింగ్ కేసులు పెట్టారు. మద్రాస్ హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఆ కేసు విన్నారు. నాకే ఈ విషయం సరిగ్గా తెలీదు అని ఒప్పుకుని ఆయన సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నారు, అమ్మాయిలతో పాటు తల్లిదండ్రుల్ని కూడా కౌన్సెలింగ్‌కి పంపారు. తల్లిదండ్రుల భయం ఎక్కువగా సమాజం ఏమంటదో అన్నదాని చుట్టే తిరిగింది. ఒక హైకోర్టు జడ్జి నేర్చుకోవాలి అని కూర్చుంటే మిగతావాళ్లకి నామోషీ ఏముంది. ఆ కేసు నుంచే పిల్లల్ని మార్చేస్తామనే వైద్యం మీద నిషేధం మొదలైంది, తర్వాత 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ అట్లాంటి కన్వర్షన్ థెరపీ చేస్తే డాక్టరు వృత్తిపరంగా తప్పు చేసినట్టే అని రాష్ట్ర మెడికల్ కౌన్సిళ్లకి రాసింది.

2024 డిసెంబర్‌లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకి ఇట్లాంటిదే వచ్చింది, విజయవాడలో కలిసి ఉంటన్న ఇద్దరు అమ్మాయిల్లో ఒకరిని తండ్రి నర్సీపట్నం తీసుకుపోయి ఇంట్లో ఉంచేస్తే, రెండో అమ్మాయి హెబియస్ కార్పస్, అంటే బంధించిన మనిషిని కోర్టు ముందుకి తెమ్మనే పిటిషన్, వేసింది. మేజరైన మనిషి ఎవరితో ఉండాలో తనే నిర్ణయించుకుంటది, అమ్మానాన్నలు అడ్డుపడొద్దు అని కోర్టు చెప్పింది. చిత్తూరు వాళ్లకి ఇంకా దగ్గరి కేసు 2025 మేలో మద్రాస్ హైకోర్టులో వచ్చింది, వేలూరు ఎస్పీ మీద వేసిన పిటిషన్. వేలూరు అంటే మనకి పక్కూరే, జ్వరం ముదిరితే పెద్దాసుపత్రికి పొయ్యేది అక్కడికే. పాతికేళ్ల అమ్మాయిని ఇంటివాళ్లు బలవంతంగా తీసుకుపోయి, కొట్టి, మామూలుగా మారాలని ఏవో పూజలు చేయించారని ఆ అమ్మాయి జడ్జీలకి చెప్పింది. జడ్జీలు ఆమెని తన తోడు దగ్గరికి పంపిస్తా, రక్తసంబంధం, పెళ్లి మాత్రమే కుటుంబం కాదు, మనసుకి నచ్చి ఎంచుకున్న కుటుంబం కూడా కుటుంబమే అన్నారు. ఆ తల్లి బాధని కూడా వాళ్లు పక్కన పెట్టలేదు, ప్రతి తల్లీ లీలా సేఠ్ లాగా ఉండరు కదా అని ఆ తీర్పులోనే రాశారు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. లీలా సేఠ్‌కి దొరికింది ఏమిటి, వేలూరు తల్లికి దొరకనిది ఏమిటి. ప్రేమ తక్కువై కాదు, బిడ్డ కోసం కోర్టు దాకా వచ్చిన తల్లికి ప్రేమ లేదనడం తప్పు. చదువు, ఇంగ్లీషు, చుట్టూ తనలాంటి మనుషులు, డబ్బు, వీటన్నిటితో పాటు ఈ సంగతిని మాట్లాడుకోవడానికి ఒక చోటు ఒకరికి దొరికింది, ఇంకొకరికి పోలీస్ స్టేషన్ ఒక్కటే కనపడింది.

ఆ చోటు ఎట్లా పుడతదో చెప్పడానికి ఒక పాత ఉదాహరణ ఉంది. న్యూయార్క్‌లో జీన్ మ్యాన్‌ఫర్డ్ అనే స్కూల్ టీచరమ్మ, చిన్నపిల్లలకి పాఠాలు చెప్పుకునే మామూలు మనిషి. 1972లో ఆమె కొడుకు మోర్టీ గే హక్కుల కోసం పోరాడతా ఒక చోట దెబ్బలు తిన్నాడు, పోలీసులు చూస్తా ఊరుకున్నారని ఆమె పేపరుకి ఉత్తరం రాసింది, నా కొడుకు గే, వాడంటే నాకు ప్రేమ అని. ఆ జూన్‌లో కొడుకు పక్కనే ప్రైడ్ ఊరేగింపులో నడిచింది, గే పిల్లల తల్లిదండ్రుల్లారా మన బిడ్డల కోసం ఒక్కటవ్వండి అని చేత్తో రాసిన అట్ట పట్టుకుని. దారి పొడవునా కుర్రోళ్లు ఆమె దగ్గరికొచ్చి, మా అమ్మతో ఒక్కసారి మాట్లాడండమ్మా అని అడిగారు. మీరు చాలా గొప్పవారు అని పొగిడిపోతే అయిపోయేది, మా అమ్మతో మాట్లాడండి అన్నారు, అది పట్టుకునే 1973 మార్చిలో ఒక చర్చిలో మొదటి మీటింగ్ పెట్టారు, ఇరవై మంది దాకా వచ్చారు. పీఫ్లాగ్ అని అమెరికాలో పెద్దదైన సంస్థకి మొదలు అదే.

అమ్మతో ఇంకో అమ్మే మాట్లాడాలి అన్నది మనకి కొత్తా కాదు. ఆడపిల్ల కాన్పు దగ్గర్నించి కొడుకు తాగుడు దాకా మన ఇళ్లల్లో సలహా అడిగేది పుస్తకాన్ని కాదు, అత్తనో పిన్నమ్మనో ఎదురింటి అక్కనో. ఈ ఒక్క విషయంలోనే అడగడానికి ఎవరూ ఉండరు. నలుగురూ ఏమనుకుంటారో అంటాం, ఆ నలుగురిలో ఇట్లాంటి బిడ్డ ఉన్న ఇల్లు ఇంకోటి ఉంటదని ఎవరికీ తట్టదు, వాళ్లూ తలుపేసుకునే ఉంటారు కాబట్టి.

తల్లిదండ్రుల మనసులో ఉండే ప్రశ్నలు చూస్తే మూడు మాటిమాటికీ వస్తాయి. మా పెంపకంలో తప్పు జరిగిందా అన్నది మొదటిది. దీనికి జవాబు సూటిగా చెప్పొచ్చు, లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న జబ్బుల జాబితా నుంచి దీన్ని తీసేసింది, ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లో ఇది జబ్బు కాదని బహిరంగంగా చెప్పింది. హాస్టల్లో చేర్చడం వల్లో, అమ్మ గారాబం వల్లో, నాన్న కోపం వల్లో ఇది రాదు, జబ్బే కానప్పుడు మందూ ఉండదు. నయం చేస్తాం అని డబ్బులు గుంజేవాళ్లు ఎవరైనా, అది డాక్టరైనా స్వామైనా, మోసం చేస్తన్నట్టే. అన్నిటికన్నా ప్రమాదమైన వైద్యం పెళ్లి. పెళ్లైతే అన్నీ సర్దుకుంటాయి అని ఇంకో ఇంటి అమ్మాయిని తెచ్చి కట్టేస్తే సర్దుకోదు, ఏ పాపం తెలీని ఆ పిల్ల జీవితం నాశనమవుతది, రెండు ఇళ్లు కోర్టు మెట్లెక్కుతాయి. ఈ ఒక్కటి ఆపగలిగిన పెద్దమనిషి ఎవరైనా ఉంటే వాళ్లు ఇద్దరు బిడ్డల్ని కాపాడినట్టే.

రెండోది చెల్లెలి పెళ్లి ఎట్లా, బంధువులకి ఏం చెప్పాలి. ఇది చిన్న భయం కాదు, తీసిపారెయ్యకూడదు. అందరికీ చెప్పెయ్యాలని ఎక్కడా రూల్ లేదు. ఇంట్లో బిడ్డని బిడ్డలాగా చూసుకుంటా, బయట ఎవరికి ఎప్పుడు చెప్పాలో ఆ బిడ్డే నిర్ణయించుకునేట్టు వదిలేస్తే చాలు మొదట్లో. అమెరికాలో చేసిన ఒక స్టడీ 2009లో పీడియాట్రిక్స్ అనే వైద్య జర్నల్‌లో వచ్చింది, ఇంట్లో బాగా ఛీకొట్టించుకున్న గే, లెస్బియన్, బైసెక్సువల్ యువతలో ఆత్మహత్యకి ప్రయత్నించామని చెప్పినవాళ్లు, అట్లాంటి తిరస్కారం లేని లేదా తక్కువున్న ఇళ్ల పిల్లలకంటే 8.4 రెట్లు ఎక్కువ. ఎక్కడో అమెరికా లెక్కే కావచ్చు, కానీ ఛీకొట్టడం ఎంత లోతుగా తగులుతదో తెలుసుకోవడానికి అది చాలు. మన ఇళ్లల్లో నిన్ను ప్రేమిస్తన్నా అని ఎవరూ అనరు, తిన్నావా అంటారు. ఆ రాత్రి అర్థం కాకపోయినా, ఏడుపొస్తన్నా, నాకు టైం కావాలి నాయనా, ముందు అన్నం తిను అంటే ఆ బిడ్డకి తెల్లారతది.

మూడోదే అసలైంది, మా తర్వాత వీణ్ణి ఎవరు చూస్తారు. పెళ్లి మీద అమ్మానాన్నల పట్టుదల వెనక ఉండేది చాలాసార్లు ఇదే. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు స్వలింగ జంటల పెళ్లికి చట్టబద్ధత ఇవ్వడానికి ఒప్పుకోలేదు, అది పార్లమెంట్ పని అంది, 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లు కూడా కొట్టేసింది. కానీ ఆ తీర్పు తర్వాత ఏర్పడిన కమిటీ వల్ల కొన్ని చిన్న పనులు జరిగాయి. 2024 ఆగస్టులో ఆర్థికశాఖ, జాయింట్ అకౌంట్ తెరవడానికీ తోడుని నామినీగా పెట్టుకోవడానికీ ఈ జంటలకి ఏ అడ్డూ లేదని స్పష్టం చేసింది, రేషన్ కార్డు విషయంలో కలిసి ఉండే తోడుని ఒకే కుటుంబంగా లెక్కెయ్యమని కేంద్రం రాష్ట్రాలకి చెప్పింది. వీలునామా ఎవరైనా రాసుకోవచ్చు. పెళ్లంత కాదు, ఎందులోనూ సరిపోదు, అయినా కొడుకు ముసలితనం గురించి నిద్రపట్టని తండ్రికి బ్యాంకులో నామినీ ఫారం ఒక పట్టు. ఇది చెప్పేవాళ్లు లేకే ఆయన పట్టు పెళ్లి మీద ఉంది.

ట్రాన్స్ పిల్లల విషయంలో ఇంటి తలుపు ఇంకా ముందే మూసుకుంటది, ఎందుకంటే దాచుకోవడం కష్టం, నడకా మాటా ఎనిమిదో క్లాసులోనే బయటపెట్టేస్తాయి. రేణిగుంట దాటిన రైల్లో చప్పట్లు కొట్టి చెయ్యి చాపే మనిషిని చూసి జనం మొహం తిప్పుకుంటారు, ఆ మనిషి కూడా ఒకప్పుడు ఏదో ఇంట్లో స్కూలు బ్యాగు వేసుకుని బయల్దేరిన బిడ్డే, ఇల్లు వదిలితే ఇంకో పని దొరకలేదు. 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాళ్లని మూడో జెండర్‌గా గుర్తించింది, 2019లో చేసిన చట్టంలో 12వ సెక్షన్ ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో కన్నబిడ్డని కోర్టు ఆర్డర్ లేకుండా ఇంటి నుంచి వేరు చెయ్యకూడదు అంటది, ఇంట్లో ఉండే హక్కు ఆ బిడ్డకి ఉంది. మన రాష్ట్రంలో ట్రాన్స్‌జెండర్లకి ఎన్టీఆర్ భరోసా కింద నెలకి 4000 రూపాయల పెన్షన్ ఉంది, సచివాలయం వాళ్లు ఇంటికే తెచ్చిస్తారు. గుర్తింపు సర్టిఫికెట్ వ్యవహారం జిల్లా కలెక్టర్ దగ్గర, కాగితాల రూల్స్ మారతా ఉంటాయి కాబట్టి వెళ్లే ముందు కలెక్టరేట్‌లో ఒకసారి కనుక్కుని వెళ్లడం మేలు. 2025 జూన్‌లో మన హైకోర్టే ఇంకో మాట చెప్పింది, పెళ్లైన ట్రాన్స్ మహిళ బిడ్డల్ని కనలేదు కాబట్టి మహిళ కాదనడం చెల్లదు, భార్యని వేధించే భర్త మీద కేసు పెట్టే పాత ఐపీసీ 498ఏ సెక్షన్ ఆమెకీ వర్తిస్తది అని. కూతురుగా ఒప్పుకున్న తల్లికి ఆ తీర్పు తెలిసి ఉండాలి.

మధ్యలో నిలబడే మనిషి గురించి ఇంకా చెప్పాలి. ఇంగ్లీషులో యాలై అంటారు, మన దగ్గర ఆ మనిషి చాలాసార్లు ఒక అక్క, ఒక బావ, మేనత్త, యూనివర్సిటీ హాస్టల్లో రూమ్మేట్, స్కూల్లో ఒక టీచర్. పిల్లలు అమ్మానాన్నలకంటే ముందు చెప్పేది వీళ్లకే. వీళ్లు చేసే పెద్ద తప్పు మంచి మనసుతోనే చేస్తారు, నేను మీ అమ్మకి చెప్తాలే అని వాళ్లే చెప్పేస్తారు. తిరుపతి ఎంత పెరిగినా చిన్న ఊరే, బజారువీధిలో అన్న మాట సాయంత్రానికి కొర్లగుంటలో వినపడతది, ఒకరి సంగతి వాళ్ల అనుమతి లేకుండా ఇంకొకరికి చేరిస్తే ఆ పిల్లకి ఉద్యోగం పోవచ్చు, ఇల్లు పోవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. చెప్పమని అడిగితేనే చెప్పాలి, చెప్పేటప్పుడు పక్కన కూర్చోవాలి, ఆ రాత్రి ఇంట్లో గొడవైతే పిల్లోడు పడుకోవడానికి తన ఇంట్లో చాప వెయ్యాలి. తర్వాత అమ్మానాన్నల్ని వదిలెయ్యకూడదు, నెల తర్వాత, ఆరు నెలల తర్వాత కూడా వాళ్లింటికి పోయి కాఫీ తాగి రావాలి, ఎందుకంటే ఒప్పుకోవడం ఒక్క రోజులో అయ్యేది కాదు, ఈ వారం ఒప్పుకున్న తండ్రి వచ్చే వారం ఎవరి పెళ్లికో పోయొచ్చి మళ్లీ మొదటికి రావొచ్చు.

ఫోన్లో సేవ్ చేసుకోవాల్సిన నంబర్లు కొన్ని ఉన్నాయి. 14416 టెలీమానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య లైన్, 24 గంటలూ ఉంటది, తెలుగులో మాట్లాడతారు, పిల్లలే కాదు అమ్మానాన్నలూ చెయ్యొచ్చు. 15100 ఉచిత న్యాయ సహాయం, ఇంట్లో బంధించారన్నా, ఇంట్లోంచి గెంటారన్నా దీనికి చెయ్యొచ్చు. పద్దెనిమిది నిండని పిల్లలకి 1098, ఆడవాళ్లకి 181, ప్రాణం మీదికొస్తే 112. తిరుపతి రుయా ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది, పోయినప్పుడు మా వాణ్ణి మార్చండి అని కాకుండా, మాకు నిద్రపట్టట్లేదు, మాతో మాట్లాడండి అని అడిగితే సరైన చోట మొదలైనట్టు. ఏ డాక్టరైనా మారుస్తాం అంటే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చెయ్యొచ్చు. తల్లిదండ్రులకి తోడు కావాలంటే స్వీకార్ ఉంది, రైలెక్కితే మూడున్నర గంటల దూరంలో చెన్నైలో ఓరినం అనే పాత గ్రూపు ఉంది, తమిళం చదవగలిగిన చిత్తూరు అమ్మలకి అక్కడ తమిళంలోనే సమాచారం దొరుకుతది.

తెలుగులో, మన యాసలో, మన ఊర్లోనే ఇట్లాంటిది మొదలవ్వాలంటే హాలు, బ్యానర్, మైకు ఏవీ అక్కర్లేదు. రెండు ఇళ్లు చాలు. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎవరి ఇంట్లోనూ కాకుండా, కొత్తగా తెలిసిన అమ్మ భయపడకుండా రాగలిగే చోట, గుడి ఆవరణైనా సరే పార్కైనా సరే. పేర్లు చెప్పాలని లేదు, పిల్లల పేర్లు అసలే అడగకూడదు, ఫోన్లు సంచీలోనే ఉండాలి, ఫోటోలు వద్దు. ముందే ఈ దారిలో నడిచిన అమ్మ మొదట మాట్లాడాలి, మా వాడు చెప్పిన రోజు నేనేం చేశానంటే అని, చేసిన తప్పులతో సహా. రెండో ఆవిడ ఆ రోజుకి ఏమీ మాట్లాడకపోయినా పర్లేదు, బస్టాండు దాకా తోడుపోయి, తన నంబర్ ఒక కాగితం మీద రాసి ఆమె చేతిలో పెడితే సరి.